తిరుగు ప్రయాణంతో మొదలుపెట్టండి

"ఈ మూడ్రోజులు ఎటైనా పోదామా?"

మన ఇళ్లల్లో ఈ ప్రశ్న ఎక్కువగా సెలవులకు ముందురోజు రాత్రే పుడుతుంది. అప్పటికి రైళ్లలో సీట్లుండవు, మంచి గదులుండవు. ఉన్న గదుల రేట్లు వింటే ఇల్లే నయమనిపిస్తుంది. అయినా పట్టుదలకు పోయి కారు తీస్తే ఉప్పల్ దాటడానికే గంట పడుతుంది. ఆదివారం అర్ధరాత్రి ఇల్లు చేరి, సోమవారం ఆఫీసులో కునికిపాట్లు పడుతూ "అనవసరంగా వెళ్లాం" అనుకుంటారు. ఇంట్లోనే ఉండిపోయినవాళ్లేమో "వెళ్లాల్సింది" అనుకుంటారు.

ఈ పుస్తకంలో ఇంతవరకు పనివేళల గురించి మాట్లాడుకున్నాం. ఈ అధ్యాయం సెలవు గురించి. ఆఫీసు పనికి వారం ముందే పథకం వేసుకునే మనిషి, సొంత సెలవు దగ్గరికొచ్చేసరికి "చూద్దాంలే" అంటాడు. సెలవును పాడుచేసేది రోజుల కొరత కాదు, ఆ "చూద్దాంలే". దానికి తోడు ఇంకో మాట ఉంది: "ఎలాగూ వెళ్తున్నాం కదా, అదీ చూసేద్దాం." మొదటి మాట ప్రయాణాన్ని కదలనివ్వదు, రెండో మాట కదిలిన ప్రయాణాన్ని ఆగనివ్వదు. ఈ రెంటినీ దాటడానికి హైదరాబాద్ నుంచి వరంగల్‌కు రైల్లో వెళ్లే మూడు రోజుల ప్రయాణాన్నే పాఠంగా తీసుకుందాం. పద్ధతి పట్టుబడితే ఊరు మార్చుకోవడం మీ చేతిలో పని.

పాఠం కోసం ఉప్పల్‌లో ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఉద్యోగాలు చేసే భార్యాభర్తలు, నాలుగో తరగతి చదివే పాప, మోకాళ్ల నొప్పులున్న అత్తమ్మ. ఈ నలుగురినీ చివరిదాకా వెంటబెట్టుకుని వెళ్దాం.

క్యాలెండర్‌తో కూర్చోండి

కొత్త సంవత్సరం క్యాలెండర్ చేతికి రాగానే చాలామంది పండుగలు చూస్తారు. మీరు శుక్రవారాలు, సోమవారాలు చూడండి. 2026నే తీసుకుంటే జనవరి 26 సోమవారం. మే 1, అక్టోబర్ 2, డిసెంబర్ 25 మూడూ శుక్రవారాలే. శని, ఆదివారాలు సెలవున్నవాళ్లకు ఒక్క లీవు కూడా పెట్టకుండా నాలుగుసార్లు మూడేసి రోజులు దొరికినట్టు.

అయితే ఈ నాలుగింటిలో అన్నీ వరంగల్‌కు నప్పవు. మే నెలలో ఓరుగల్లు కోటలో మధ్యాహ్నం రాతి మీద చెయ్యి పెట్టలేం. జనవరి చివర మరో లెక్క చూడాలి. మేడారం సమ్మక్క–సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది. 2026 జాతర జనవరి 28 నుంచి 31 వరకు. జాతర దగ్గరపడ్డ రోజుల్లో వరంగల్ నుంచి ములుగు పోయే రోడ్డంతా మేడారం వెళ్లే భక్తులదే. మొక్కు ఉన్నవాళ్లు తప్పక వెళ్లాలి, తీరిగ్గా శిల్పాలు చూడాలనుకునేవాళ్లు మాత్రం మరో నెల చూసుకోవాలి. ఇక మిగిలినవి అక్టోబర్, డిసెంబర్. వానలు వెనకబట్టి, చెరువులు నిండుగా ఉండే అక్టోబర్ మొదటి వారం మన కుటుంబానికి నప్పుతుంది. తేదీ కుదిరింది: అక్టోబర్ 2, 3, 4.

ఇంత చిన్న నిర్ణయానికి ఇంత ఆలోచనా అనిపించవచ్చు. కానీ తేదీ ఖాయం కానంతకాలం మిగతా ఏ నిర్ణయమూ ఖాయం కాదు. లీవు, టికెట్, గది, పాప పరీక్షలు, అత్తమ్మ డాక్టర్ అపాయింట్‌మెంట్ అన్నీ దాని చుట్టే తిరుగుతాయి.

మూడు రోజులకు మూడు గంటలు

ఊరు ఎంచుకోవడానికి ఒక తేలిక సూత్రం: సెలవు ఎన్ని రోజులో, ఒకవైపు ప్రయాణం అన్ని గంటలకు మించకూడదు. మూడు రోజులకు మూడు గంటలు. పది గంటల దూరం వెళ్లినవాళ్లకు మూడు రోజుల్లో ఒకటి బండిలోనే కరిగిపోతుంది.

సికింద్రాబాద్ నుంచి వరంగల్ రైలు దారిలో సుమారు 140 కిలోమీటర్లు. మామూలు ఎక్స్‌ప్రెస్‌లకు రెండు, రెండున్నర గంటలు పడుతుంది. 2023 సంక్రాంతి రోజున మొదలైన సికింద్రాబాద్–విశాఖ వందేభారత్ ఇంకా తొందరగా చేరుస్తుంది. ఇది కొత్త దారేమీ కాదు. నిజాం కాలంలో సికింద్రాబాద్ నుంచి పట్టాలు 1886లో వరంగల్ చేరాయి, మూడేళ్లకు బెజవాడ దాకా పాకాయి. 1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తవడంతో ఢిల్లీ–మద్రాసు దారి ఇటుగా కలిసింది. ఆ పాత చరిత్ర ఈనాటి మీ టికెట్‌కు కూడా పనికొస్తుంది. ఎలాగో చూద్దాం.

కాజీపేట ఒక కూడలి. సికింద్రాబాద్ నుంచి వచ్చిన లైను అక్కడ రెండుగా చీలుతుంది. ఒకటి వరంగల్, మహబూబాబాద్ మీదుగా విజయవాడకు, ఇంకోటి పెద్దపల్లి, రామగుండం మీదుగా బల్లార్షాకు పోతుంది. కృష్ణా, గోల్కొండ, శాతవాహన వంటి బండ్లు కాజీపేట, వరంగల్ రెండింటినీ తాకుతాయి. ఢిల్లీ వెళ్లే తెలంగాణ ఎక్స్‌ప్రెస్, కాగజ్‌నగర్ వెళ్లే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ కాజీపేటలోనే మలుపు తీసుకుంటాయి, వరంగల్ రావు. అందువల్ల వరంగల్ పేరుతో మాత్రమే వెతికినవాళ్లకు సగం బండ్లే కనిపిస్తాయి. కాజీపేట పేరుతో కూడా వెతకండి. రెండు స్టేషన్ల మధ్య దూరం పది కిలోమీటర్లే. నడుమ ఉన్నది హనుమకొండ. మూడూ కలిసిపోయిన ఒకే నగరం కాబట్టి ఎక్కడ దిగినా ఆటో దూరమే.

ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ఆంధ్రా వైపు వెళ్లే ప్రతి బండీ వరంగల్ మీదుగా పోదు. కొన్ని నల్గొండ, నడికుడి మీదుగా గుంటూరు పోతాయి. బండి పేరు చూసి కాదు, ఆగే స్టేషన్ల పట్టిక చూసి టికెట్ తీసుకోవాలి.

ముందు రాకడ, తర్వాత పోకడ

పెళ్లికి ముహూర్తం పెట్టుకున్నాక పనులన్నీ వెనక్కి లెక్కేసుకుంటాం. సెలవుకూ అలాగే ఒక ముహూర్తం ఉంది: సోమవారం ఉదయం. ఆ ఉదయం మీరు ఎలా నిద్ర లేవాలనుకుంటున్నారో ముందు తేల్చుకోండి.

మన కుటుంబం ఇలా తేల్చుకుంది: సోమవారం పాపకు స్కూలు, వీళ్లకు ఆఫీసు. ఆదివారం రాత్రి తొమ్మిదికి అందరూ పడుకోవాలి. అంటే ఏడింటికల్లా ఇంట్లో ఉండాలి. అంటే మధ్యాహ్నం మూడు దాటకుండా కాజీపేటలోనో వరంగల్‌లోనో బండెక్కాలి. అంటే ఆదివారం పెట్టుకోవాల్సింది పొద్దుటి పూట చూసే చోటు ఒక్కటే. చూడండి, తిరుగు బండి ఒక్కటి కుదిరేసరికి మూడో రోజు దానంతటదే సర్దుకుంది. పోయే బండితో మొదలుపెట్టినవాళ్లకు ఈ స్పష్టత రాదు. వాళ్లు ఆదివారం సాయంత్రం దాకా తిరిగి, ఎలాగోలా ఇల్లు చేరతారు. ఆ "ఎలాగోలా" మొత్తం ప్రయాణాన్నే చెడగొడుతుంది.

ఆదివారం సాయంత్రం హైదరాబాద్ వైపు వచ్చే బండ్లకు గిరాకీ కూడా ఎక్కువే. ఊళ్లకు వెళ్లిన ఉద్యోగులు, హాస్టళ్లకు తిరిగొచ్చే విద్యార్థులు అందరూ అవే బండ్ల మీద పడతారు. మధ్యాహ్నపు బండి ఎంచుకోవడంలో ఈ లాభం కూడా ఉంది.

ఇప్పుడు తేదీల లెక్క. 2024 నవంబర్ 1 నుంచి రైల్వే ముందస్తు బుకింగ్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. ప్రయాణం రోజును లెక్కలోకి తీసుకోరు. అక్టోబర్ 2 శుక్రవారం టికెట్లు ఆగస్టు 3న, అక్టోబర్ 4 ఆదివారం టికెట్లు ఆగస్టు 5న తెరుచుకుంటాయి, రెండూ ఉదయం 8 గంటలకు. చాలామంది పోయే టికెట్ దొరకగానే సంబరపడి, రెండు రోజుల తర్వాత తెరుచుకునే తిరుగు టికెట్ సంగతి మరచిపోతారు. ఫోన్‌లో రెండు అలారాలు పెట్టుకోండి. దూరపు బండి అయితే గడువు దాని మొదటి స్టేషన్ తేదీని బట్టి లెక్కిస్తారు కాబట్టి, ముందురోజే బయల్దేరిన బండిలో మీ టికెట్ ఒక రోజు ముందు తెరుచుకుంటుంది.

ఐఆర్‌సీటీసీ ఖాతాను ఆధార్‌తో ముందుగానే ధ్రువీకరించుకోవాలి. బుకింగ్ తెరిచిన మొదటి వేళల్లో ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకునే అవకాశం అలాంటి ఖాతాలకే ఉంది. ఆన్‌లైన్ తత్కాల్‌కు 2025 జూలై 1 నుంచి అది తప్పనిసరి. అలారం మోగాక ఓటీపీ కోసం వెతుక్కునేవాడికి సీటు దొరకదు.

వరంగల్ స్టేషన్ కోడ్ డబ్ల్యూఎల్. వెయిటింగ్ లిస్టుకూ అదే గుర్తు. మన టికెట్ మీద రెండూ పక్కపక్కనే కనిపిస్తే నవ్వుకోవచ్చు కానీ, రెండోదాన్ని నమ్ముకోకండి. మధ్యలో ఎక్కి మధ్యలో దిగే చిన్న ప్రయాణాలకు చాలా బండ్లలో పూల్డ్ కోటా, రిమోట్ లొకేషన్ కోటా కింద వెయిటింగ్ ఇస్తారు. పీక్యూడబ్ల్యూఎల్, ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్ అని కనిపించేవి ఇవే. జనరల్ వెయిటింగ్ కదిలినంత సులువుగా ఇవి కదలవు. చార్టు తయారయ్యాక కూడా వెయిటింగ్‌లోనే ఉన్న ఈ-టికెట్ దానంతటదే రద్దవుతుంది, డబ్బు వెనక్కి వస్తుంది. దానితో రిజర్వేషన్ బోగీ ఎక్కడానికి వీల్లేదు. పొద్దున బండ్లకు చార్టు ముందురోజు రాత్రే సిద్ధమవుతుంది కాబట్టి అప్పుడే చూసుకుని మరో దారి పట్టవచ్చు.

తత్కాల్ ప్రయాణానికి ముందురోజు తెరుచుకుంటుంది: ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, మిగతావాటికి 11కు. దాన్ని ఆపద్ధర్మంగా పెట్టుకోండి, అదే పథకం అనుకోవద్దు.

జనరల్ టికెట్ సంగతి కూడా తెలిసి ఉండాలి. 200 కిలోమీటర్ల లోపు దూరానికి తీసుకున్న అన్‌రిజర్వ్‌డ్ టికెట్‌తో మూడు గంటల్లోగా, లేదా ఆ దారిలో బయల్దేరే మొదటి బండికి ప్రయాణం మొదలుపెట్టాలి. వరంగల్ ఈ లెక్కలోకే వస్తుంది. కాబట్టి తిరుగు ప్రయాణపు జనరల్ టికెట్ పొద్దున్నే తీసి జేబులో పెట్టుకుంటే సాయంత్రం అది పనికిరాదు. సూపర్‌ఫాస్ట్ బండి ఎక్కేవాళ్లు సూపర్‌ఫాస్ట్ టికెట్టే తీసుకోవాలి. రైల్‌వన్ యాప్‌లో రెండూ దొరుకుతాయి. ఒంటరిగా వెళ్లే కుర్రాడికి జనరల్ బోగీ చాలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ వెంట ఉంటే వద్దు.

ఎక్కే స్టేషన్ కూడా చూసుకోవాలి. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ ప్రారంభమయ్యాక కొన్ని బండ్లు అక్కడి నుంచే బయల్దేరుతున్నాయి. ఉప్పల్, ఈసీఐఎల్ వైపు వాళ్లకు అది వరం, కూకట్‌పల్లి వాళ్లకు తెల్లవారుజామున పరీక్ష. టికెట్ మీద సికింద్రాబాద్ ఉందో, హైదరాబాద్ (నాంపల్లి) ఉందో, చర్లపల్లి ఉందో రెండుసార్లు చదవండి.

వదిలేసేవాటి జాబితా

ఇక అసలు పరీక్ష. వరంగల్ పేరు చెప్పగానే నలుగురూ నాలుగు సలహాలిస్తారు. దారిలోనే భువనగిరి కోట. పక్కనే యాదగిరిగుట్ట. అటునుంచి పోతన గారి బమ్మెర, సోమనాథుని పాలకుర్తి. ఇటు పాకాల, లక్నవరం, రామప్ప, ఘనపురం కోటగుళ్లు. ఇంకా ముందుకెళ్తే వాజేడు దగ్గర బొగత జలపాతం. "ఎలాగూ వెళ్తున్నారు కదా!"

ఒక కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమవైపు చూసేవి, కుడివైపు వదిలేసేవి రాయండి. నియమం ఒక్కటే: కుడివైపు జాబితా ఎడమదానికన్నా పొడుగ్గా ఉండాలి. వదిలేసినవి పోగొట్టుకున్నట్టు కాదు, అవి మరో సెలవుకు దాచుకున్నవి. రాసి పెట్టుకున్నాక మనసు వాటి చుట్టూ తిరగడం మానేస్తుంది. రాయకపోతే ప్రతి కూడలిలో, ప్రతి బోర్డు దగ్గర మళ్లీ అదే చర్చ మొదలవుతుంది.

ఎడమవైపు రాసేముందు ఇంట్లో అందర్నీ విడివిడిగా ఒక్కటే ప్రశ్న అడగండి: "నీకు తప్పకుండా కావాల్సింది ఏది?" మన కుటుంబంలో కోడలు అడిగింది.

"అత్తమ్మా, మీరేం చూద్దామనుకుంటున్నరు?"

"నాకు భద్రకాళమ్మ దర్శనమైతే చాలు బిడ్డా. మిగిలిందంతా మీ ఇష్టం."

పాపకు పడవ ఎక్కాలని ఉంది. నాన్నకు రామప్ప, అమ్మకు కోట. నలుగురికీ నాలుగు కోరికలు తేలాయి. భద్రకాళి గుడికి దగ్గర్లోనే ఉన్న వేయిస్తంభాల గుడి ఒక్కటి చేర్చి, జాబితా అక్కడితో ఆపాలి.

మొదటి రోజు, శుక్రవారం. పొద్దుటి బండికి చేరి, హనుమకొండలో గదిలో సామాను పెట్టండి. హనుమకొండే ఎందుకంటే అది కాజీపేటకూ వరంగల్‌కూ నడుమ ఉంది, ములుగు వైపు బస్సులు దొరికే బస్టాండ్ అక్కడే ఉంది. కాసేపు నడుం వాల్చి, ఎండ తగ్గాక వేయిస్తంభాల గుడికి వెళ్లండి. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం ఇది. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ గర్భగుడులు. గుడి ముందున్న కల్యాణ మంటపాన్ని 2006లో రాయి రాయిగా విప్పి, పునాది బలపరిచి, మళ్లీ పేర్చి 2024 మార్చిలో సందర్శకులకు తెరిచారు. పద్దెనిమిదేళ్లు పట్టిన పని. అది తెలిసి చూస్తే ఒక్కో స్తంభం దగ్గర ఇంకొంచెంసేపు నిలబడతారు. అక్కడి నుంచి భద్రకాళి గుడి దగ్గరే. అత్తమ్మ దర్శనం చేసుకుంటే, పాప చెరువుగట్టున ఆడుకుంటుంది. మొదటి రోజుకు ఇంతే.

రెండో రోజు, శనివారం. ఇది పెద్ద రోజు. రామప్ప గుడి హనుమకొండ నుంచి డెబ్బై కిలోమీటర్ల లోపే, ములుగు జిల్లా పాలంపేటలో ఉంది. తూర్పు ముఖంగా ఉన్న గుడి కాబట్టి పొద్దుటి వెలుగులో చూడాలి. ఏడింటికల్లా బయల్దేరండి. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దీన్ని ప్రతిష్ఠించాడు. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది, తెలుగు నేల మీద ఆ గౌరవం దక్కిన మొదటి కట్టడం ఇదే.

అక్కడ ఏం చూడాలో ముందే తెలిస్తే చూపు నిలుస్తుంది. గోడలు ఎర్ర ఇసుకరాయి, స్తంభాలూ, మదనికలనే స్త్రీ శిల్పాలూ నల్లరాయి. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికైనవి. పునాది గోతుల్ని ఇసుకతో నింపి, దాని మీద ఇంత బరువు నిలబెట్టారు. ఇక్కడి శిల్పాల్లోని నాట్యభంగిమలను, జాయపసేనాని నృత్తరత్నావళిని ఆధారం చేసుకునే నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని మళ్లీ బతికించారు. పాపకు డాన్స్ ఇష్టమైతే ఈ కథ బండిలోనే చెప్పండి. గుడి దగ్గరికొచ్చాక ఆ పిల్లే మీకు భంగిమలు చూపిస్తుంది.

రామప్ప తర్వాత లక్నవరం. కాకతీయుల నాటి చెరువు, ఇప్పుడు వేలాడే వంతెన, పడవలు. పాప కోరిక అక్కడ తీరుతుంది. గోవిందరావుపేట మండలంలో ఉన్న ఈ చెరువు, ములుగు వైపు రోడ్డు నుంచే పోవాల్సిన చోటు కాబట్టి రెండూ ఒకే రోజు కుదురుతాయి. బొగత కుదరదు. హనుమకొండ నుంచి అది రామప్పకు రెట్టింపు దూరం. దాన్ని కుడివైపు రాయండి, వానాకాలపు మరో సెలవుకు దాచండి.

ఈ రోజుకు బస్సులు మారుతూ వెళ్లడం కుర్రవాళ్లకు బాగుంటుంది. పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే కారు మాట్లాడుకోండి. ముందురోజే ఐదు సంగతులు తేల్చుకోవాలి: మొత్తం కిలోమీటర్లు, ఆగే గంటలు, డ్రైవర్ భత్యం, పార్కింగ్, టోల్. ఈ మూడు రోజుల ఖర్చులో పెద్ద పద్దు రైలు టికెట్లు కాదు, ఈ కారే. బడ్జెట్ రాసేటప్పుడు దీన్ని మొదట రాయండి. వృద్ధులకు రైల్వే ఇచ్చే చార్జీ రాయితీ 2020లో ఆగిపోయింది, దాన్ని లెక్కలో పెట్టుకోకండి.

మూడో రోజు, ఆదివారం. పొద్దున్నే కోట. గణపతిదేవుడు, ఆయన కూతురు రుద్రమదేవి బలపరిచిన రాతికోట, దాని చుట్టూ మట్టికోట, కందకం. 1323లో ఢిల్లీ సేనల చేతికి చిక్కేదాకా ప్రతాపరుద్రుని రాజధాని ఇది. స్వయంభూ దేవాలయం శిథిలమైపోయినా దాని నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు ఇంకా నిలబడే ఉన్నాయి. తెలంగాణ రాజముద్రలో కనిపించే కాకతీయ కళాతోరణం వీటి రూపమే. పక్కనే ఖుష్ మహల్. రెండున్నర గంటలు చూస్తే చాలు. తర్వాత గదికి వచ్చి భోజనం, సామాను, స్టేషన్.

కొనుగోళ్లకు ఒక్క వస్తువు ఎంచుకోండి. వరంగల్ డర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొత్తవాడ మగ్గాలే వాటికి పుట్టిల్లు. ఆదివారం కోట నుంచి వచ్చేటప్పుడు ఒకటి చూసి కొనుక్కోవచ్చు. ఇంటికి వెళ్లాక నేల మీద పరుచుకునే వస్తువు ఒకటి చాలు, బీరువాలో మూలపడే బొమ్మలు పది అక్కర్లేదు.

ఒక్కో పని ఒక్కొక్కరిది

కుటుంబ ప్రయాణాల్లో గొడవలు అలసట వల్ల వస్తాయని అనుకుంటాం. చాలావరకు అవి ఎవరి పని ఏదో తేలకపోవడం వల్ల వస్తాయి. టికెట్లు, గది ఒకరు చూసుకోవాలి. డబ్బు లెక్క, కారు బేరం ఇంకొకరు. తిండి, మందులు, నీళ్లు మరొకరు. పాపకూ ఒక పని ఇవ్వండి: వచ్చే స్టేషన్ పేరు ముందే చెప్పడం. ఘట్‌కేసర్, భువనగిరి, ఆలేరు, పెంబర్తి, జనగామ దాటుతుంటే పాపకు భూగోళం నేర్పినట్టూ ఉంటుంది, ఫోన్ చేతికివ్వకుండా రెండు గంటలు గడిచినట్టూ ఉంటుంది. పెంబర్తి ఇత్తడి పనికి పేరుపొందిన ఊరని ఆ పట్టాల పక్కనే చెప్పొచ్చు.

ఎవరి పనిలో వాళ్లదే తుదిమాట. టికెట్లు చూసినవాళ్లు పొరబడితే మిగతావాళ్లు సర్దుకోవాలి, వెక్కిరించకూడదు. ఈ ఒప్పందం బయల్దేరే ముందే జరగాలి.

సామాను విషయం తేలిక. ఎవరి సంచి వాళ్లు మోయగలిగేంతే. కాజీపేటలో ప్లాట్‌ఫాం మారాల్సి వచ్చినప్పుడు ఆ సంచి బరువెంతో తెలుస్తుంది. పోయేటప్పుడు పులిహోర, పెరుగన్నం సరిపోతాయి. అక్కడ ఉన్నప్పుడు ఒక పూట సర్వపిండి దొరికే చోటు అడిగి తినండి.

పథకం తప్పితే

2024 ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబర్ 1న కురిసిన కుండపోతకు మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. విజయవాడ–వరంగల్ దారిలో ఎన్నో బండ్లు రద్దయ్యాయి, దారి మళ్లాయి. అది కూడా శని, ఆదివారాలే. ప్రకృతి మన క్యాలెండర్ చూసి రాదు కాబట్టి, రెండో దారి ఎప్పుడూ తెలిసి ఉండాలి.

వరంగల్ విషయంలో ఆ దారి సులువు. హనుమకొండ బస్టాండ్ నుంచి ఉప్పల్‌కు ఆర్టీసీ బస్సులు తరచుగా ఉంటాయి. దక్షిణం నుంచి వచ్చే బండి రద్దయితే, ఉత్తరం నుంచి కాజీపేట మీదుగా వచ్చేది నడుస్తుందేమో చూడండి. ముందురోజు రాత్రి, బయల్దేరే ముందు రెండుసార్లు బండి ఎక్కడుందో యాప్‌లోనో, రైల్వే ఎంక్వైరీ నంబర్ 139లోనో చూసుకోండి. గంట ఆలస్యమైతే గదిలోనే ఉండండి. మూడు గంటలు దాటేలా ఉంటే బస్సెక్కండి. ఈ హద్దు ముందే పెట్టుకుంటే స్టేషన్‌లో నిలబడి వాదించుకోనక్కర్లేదు.

వాన వల్ల లక్నవరం కుదరకపోతే పాప పడవ పోతుంది. దాని బదులు ఏమిటో ముందే పాపకు చెప్పి ఉంచండి. పిల్లలు నిరాశను తట్టుకుంటారు, మాట తప్పడాన్ని తట్టుకోలేరు.

సాధన: ఈ వారం చేయాల్సినవి

చదివి పక్కన పెట్టేస్తే ఈ అధ్యాయం కూడా "చూద్దాంలే" ఖాతాలో పడిపోతుంది. ఈ వారంలోనే ఈ ఆరు పనులు చేయండి. అన్నీ కలిపి రెండు గంటల పని.

1. రాబోయే సంవత్సర కాలంలో శుక్రవారం లేదా సోమవారం పడే సెలవులు గుర్తించి, ఒకటి ఎంచుకోండి. ఇంట్లో అందరికీ చెప్పండి. చెప్పిన తేదీ మీద మాట నిలబడుతుంది.

2. మీ స్టేషన్ నుంచి మూడు గంటల లోపు చేరగల ఊళ్లు మూడు రాయండి. ఆ రుతువుకు ఏది నప్పుతుందో చూసి, ఒకటి ఉంచి రెండు కొట్టేయండి.

3. సెలవు తర్వాతి ఉదయం ఎన్నింటికి, ఎంత హాయిగా లేవాలో రాయండి. దాన్నుంచి వెనక్కి లెక్కేసి తిరుగు బండి ఎంచుకోండి. ఆ తర్వాతే పోయే బండి.

4. రెండు టికెట్లకూ బుకింగ్ తెరిచే తేదీలు లెక్కగట్టి ఉదయం 7:50కి అలారాలు పెట్టండి. ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ ఈరోజే ముగించండి.

5. ఇంట్లో ఒక్కొక్కరి దగ్గర ఒక్కో కోరిక తీసుకుని చూసేవి, వదిలేసేవి రెండు జాబితాలు రాయండి. కుడివైపుది పొడుగ్గా ఉందో లేదో సరిచూసుకోండి.

6. ఎవరి పని ఏదో పంచుకోండి. బండి రద్దయితే ఏం చేయాలో ఒక్క వాక్యంలో రాసి, అందరి ఫోన్లలో పెట్టండి.

వెళ్లొచ్చిన మర్నాడు ఆ కుడివైపు జాబితా పారేయకుండా క్యాలెండర్ వెనక అతికించండి. వచ్చే సెలవుకు ఎక్కడికి అనే ప్రశ్నకు సగం జవాబు అప్పటికే రాసి ఉంటుంది.